పండుగప్పను పట్టారు... వదిలేశారు!

ఏలూరు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? తివాచీలు అంటారు కొందరు. ఎండలు అంటారు ఇంకొందరు. తాడేపల్లిగూడెం అంటే మాత్రం మా వైపు ఏ ఇల్లాలిని అడిగినా ఒకటే మాట, ఉల్లిపాయలు! లారీలకు లారీలు దిగే ఆ ఉల్లిపాయల మార్కెట్ చూడ్డానికి కూడా ఓసారి వెళ్ళొచ్చు. కానీ ఈ రెండు ఊళ్ళకీ దిగువన, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పరుచుకున్న కొల్లేటిని చూడకుండా మాత్రం వెనక్కి రాకండి. అందులోంచి సముద్రానికి పారే ఉప్పుటేరునీ, ఆ ఏటి దారిన వచ్చిపోయే ఒక చేపనీ కూడా మీకు పరిచయం చేద్దామని ఇవాళ కలం పట్టాను.

ముందు దారి చెప్పేస్తాను. గూడెం, ఏలూరు రెండూ విజయవాడ, నిడదవోలు మధ్య మెయిన్ లైను మీదవే కాబట్టి రైలుకి కొదవ లేదు. ఏలూరులో దిగితే కైకలూరుకి కొల్లేటి మధ్యగానే రోడ్డుంది. ఎడాపెడా నీళ్ళు, గుర్రపుడెక్క, తూటికాడ, మధ్యలో కొంగలు. పిల్లలు కిటికీ వదలరు. అయితే వర్షాకాలంలో వెళ్ళేవాళ్ళు ముందు కనుక్కుని బయల్దేరండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి కొల్లేట్లో పడ్డప్పుడు ఈ రోడ్డు మీదే నీళ్ళు పారి రాకపోకలు ఆగిపోయాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే హాయి. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. పడవెక్కి దగ్గరగా చూడొచ్చు. అంతంత ముక్కులేసుకుని తల్లులు పిల్లల నోట్లోకి చేపలు కక్కి పెడుతుంటే మా చిన్నది "మనమే నయం" అంది!

పక్కనే కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి గుడి. ఫాల్గుణంలో జాతర. చేపల వేటకి వెళ్ళేవాళ్ళకి ఆవిడే దిక్కు.

ఇక సరస్సు సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కలేనన్ని డ్రెయిన్లు వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒకటే, ఉప్పుటేరు. 1999లో ప్రభుత్వం కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది, సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కి అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఈలోగా చేపల చెరువుల గట్లు సరస్సులోకి పాకిపోవడం, 2006 ప్రాంతాల్లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వాటిని పేల్చెయ్యడం, తర్వాత మళ్ళీ కొన్ని మొలవడం, ఇదంతా మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆ గొడవలోకి నేను వెళ్ళను. మనకి కావలసింది చేప.

చేపల పేర్లు చెప్పమంటే ఇక్కడి ఆడవాళ్ళు వేళ్ళు మడుస్తూ చెబుతారు. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, మార్పు, ఇంగిలాయి, జెల్ల, బొమ్మిడాయి, చేదుపరిగె... ఇవి పుట్టు చేపలు. చెరువుల్లో పెంచేవి వేరు: బొచ్చె, శీలావతి, రూప్‌చంద్. ఇవి ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా, అస్సాం దాకా వెళతాయి. మన కొల్లేటి శీలావతి హౌరా మార్కెట్లో బెంగాలీ కోడలి సంచిలో పడుతుందన్నమాట!

వీటన్నిటికీ దొర లాంటిది పండుగప్ప. దొర అన్నాను గానీ దొరసాని అనాలి. ఎందుకో చెబుతాను, కాస్త ఆగండి.

పండుగప్పని మీరు బజారులో చూసే ఉంటారు. వెండి రంగు ఒళ్ళు, పెద్ద పొలుసులు, తల దగ్గర నొక్కినట్టు పల్లం, కింది దవడ కాస్త ముందుకి. రాత్రిపూట టార్చి వేస్తే కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. ముళ్ళు తక్కువ, కండ ఎక్కువ, తెల్లగా పొరలు పొరలుగా విడుతుంది. అందుకే పసిపిల్లలకి, ముసలివాళ్ళకి భయం లేకుండా పెట్టొచ్చు. ఈ చేపే ఆస్ట్రేలియాలో 'బర్రమండి'. అక్కడి ఆదివాసుల మాటలో పెద్ద పొలుసుల ఏటి చేప అని అర్థమట. సీబాస్ అని హోటళ్ళలో రాసేదీ చాలాసార్లు ఇదే. ఆరడుగుల దాకా, అరవై కిలోల దాకా పెరగ్గలదు. మన వంటిళ్ళకి వచ్చేవి అందులో పిల్లలే.

ఇప్పుడు దొరసాని సంగతి. పండుగప్పల్లో చాలా వరకు ముందు మగవిగానే ఈడుకొస్తాయి. మూడు నాలుగేళ్ళకి మగ చేపలుగా తయారై ఒకటి రెండేళ్ళు అలాగే గడిపి, ఆరేడేళ్ళు వచ్చాక, మూడడుగులకి కాస్త అటూఇటూ పెరిగాక ఆడ చేపలుగా మారిపోతాయి! నమ్మలేకపోతున్నారా? నేనూ మొదట నవ్వేశాను. కానీ శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చిన సంగతి ఇది. అంటే బజారులో గుమ్మడికాయంత తలతో, ఇద్దరు మోసుకొచ్చే పండుగప్ప కనిపించిందా, అది దాదాపు ఖాయంగా ఆడదే. ఏళ్ళ తరబడి వలలనీ గాలాలనీ తప్పించుకుని, మగతనం గడిపేసి, ఇప్పుడు తల్లి అయ్యే వయసుకి వచ్చిన చేప అన్నమాట. పెద్ద తల్లి ఒక్క కాన్పులో పెట్టే గుడ్లు లక్షలు కాదండీ, కోట్లలో ఉంటాయి.

ఆ గుడ్లు మాత్రం మంచినీటిలో పెట్టదు. ఎన్నేళ్ళు కొల్లేట్లో తిని తిరిగినా వానాకాలం అటూఇటూగా ఉప్పునీటికి వెళ్ళి తీరాలి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఉన్నప్పుడు ఏటి మొగ దగ్గర గుడ్లు వదులుతుంది. ఒక రోజు తిరక్కుండానే అవి పిల్లలవుతాయి. ఆ పిల్లలు పోటు నీటితో పాటు మడ పొదల్లోకీ, పరజాల్లోకీ, అక్కణ్ణుంచి ఏరు పట్టుకుని పైకీ ఎగబాకుతాయి. పులస అయితే సముద్రం నుంచి గోదావరిలోకి పురిటికొస్తుంది. పండుగప్ప దానికి సరిగ్గా తిరకాసు, మంచినీటి మెట్టినిల్లు వదిలి సముద్రపు పుట్టింటికి పురిటికెళుతుంది. ఈ రాకపోకలకి కొల్లేటి పండుగప్పకి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అరవై కిలోమీటర్ల దాకా మెలికలు తిరుగుతూ ఆకివీడు పక్కనుంచి వెళ్ళి మొగల్తూరు, కృత్తివెన్ను మండలాల మధ్యన సముద్రంలో పడుతుంది.

ఉప్పుటేరు మీద పాత కథ ఒకటుంది, వినండి. కొల్లేటికోటలో గజపతుల సైన్యం ఉందట. చుట్టూ నీళ్ళు, శత్రువు లోపలికి రాలేడు. నీళ్ళు తీసేస్తే కోట దొరుకుతుందని సముద్రం వైపు కాలువ తవ్వించారట. ఆ పని సాగడం కోసం దేవతలకి ఒక సేనాపతి తన సొంత కూతుర్ని బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకి 'పేరంటాల కనుమ' అని పేరొచ్చిందంటారు. ఎవరి సేనాపతి, ఏ పక్షం అనేది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కూతురు మాత్రం అందరి కథలోనూ ఉంది. ఆ పిల్లకి పేరు మాత్రం ఎవరూ చెప్పరు, గమనించారా?

సరే, అసలు కథకి వస్తాను. మా అక్క కొడుకు ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ బర్రమండి పట్టడం అంటే మన సంక్రాంతి కోడిపందేల్లా జనానికి పిచ్చి. గాలంతో పట్టడం, కొలవడం, ఫొటో తీసుకోవడం, తిరిగి నీళ్ళలో వదిలెయ్యడం! ప్రభుత్వమే 2015 నుంచి ఓ పోటీ కూడా పెట్టింది. కొన్ని చేపలకి రంగు చీటీలు గుచ్చి ఏళ్ళలోకి వదులుతారు, చీటీ చేప దొరికినవాడికి బహుమతి, కొన్నిటికి పది లక్షల డాలర్లు. 2024లో ఒక కుర్రాడికి నిజంగానే ఆ పది లక్షల చేప తగిలింది. కిందటేడు సెలవులకి వచ్చినప్పుడు "పిన్నీ, మన ఉప్పుటేట్లో పండుగప్ప ఉందటగా, ఒక్కసారి గాలం వేసొస్తాను" అని పట్టుబట్టాడు. అభయారణ్యం లోపల అలాంటి ఆటలు పనికిరావు. కావేరి ఒడ్డున కర్ణాటకలో మాశీరు చేపని పట్టి వదిలే శిబిరాలు ఏళ్ళ తరబడి నడిచాయి, అభయారణ్యంలో ఉన్నాయని 2012లో వాటినే ఆపేశారు. అందుకని మేం కొల్లేట్లో దిగకుండా బాగా కిందికి, మొగల్తూరు వైపు ఏటికి వెళ్ళాం.

మాట్లాడుకున్న పడవ మొగుడూ పెళ్ళాలది. ఆయన తెడ్డు, ఆవిడ వెనక. పడవ కిరాయి ఇంత, దొరికిన చేప వాళ్ళది, ఇదీ ఒప్పందం. మావాడి కర్రా, చక్రం, మెరిసే రబ్బరు చేపలూ చూసి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ రబ్బరు బొమ్మని ఏం తింటదండీ బాబూ! రొయ్య గుచ్చండి, బతికున్న రొయ్య" అని తన డబ్బాలోంచి తీసిచ్చింది. ఆట్టే చదువుకోకపోయినా ఆవిడ లెక్క ఆవిడకుంది. పోటు తిరిగే వేళకి వంతెన స్తంభాల నీడలో ఎక్కడ నిలబడుతుందో, ఎటు మూతి పెడుతుందో వేలుపెట్టి చూపించింది.

గంట సేపు జెల్లలే. ఆటు మొదలవుతుండగా ఒక్కసారి నీళ్ళ మీద చప్పట్లు కొట్టినట్టు శబ్దమైంది. కర్ర వంగిపోయింది. చేప నీటి మీదికి లేచి తల విదిలించింది చూడండీ, బిందె గాల్లోకి ఎగిరినట్టుంది! నాకైతే పడవ తిరగబడుతుందని భయం. అరగంట లాగీ వదిలీ లాగీ వదిలీ చివరికి పక్కకి తెచ్చాడు. తొంభై రెండు సెంటీమీటర్లు. పడవాయన కళ్ళతోనే తూచేశాడు, "తొమ్మిది కిలోలకి తగ్గదండీ."

మావాడు దాన్ని పడవలోకి ఎత్తలేదు. చేతులు నీళ్ళలో ముంచుకుని, చేపని నీళ్ళలోనే పట్టుకుని గాలం ఊడదీశాడు. గాలం మొనకి ఉండే వెనక ముల్లుని ముందే పటకారుతో నొక్కేశాడులెండి, సులువుగా ఊడొచ్చింది. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి రెండు నిమిషాలు అలాగే పట్టుకున్నాడు, మనం పసిపిల్లకి స్నానం చేయించేటప్పుడు మెడ కింద చెయ్యి పెడతామే, అలాగ. మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. తోక ఒక్కటి కొట్టి వెళ్ళిపోయింది.

పడవలో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే ముందు తేరుకుంది.

"అదేంటండీ బాబూ! చేతికొచ్చిన చేపని వదిలేత్తారా?"

మావాడు వచ్చీరాని తెలుగులో చెప్పబోయాడు. ఈ సైజుది ఆడ చేప అనీ, వర్షాల్లో కిందికి పోయి గుడ్లు పెడుతుందనీ, అదే బతికితే మళ్ళీ ఏడు మీకే చేపలనీ. జేబులోంచి డబ్బు తీసి బజారు ధర లెక్కన ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తీసుకున్నాడు. ఆవిడ మాత్రం నా వైపు తిరిగింది.

"అమ్మగారూ, అది తల్లని మాకు తెలీదా ఏంటండీ? కడుపు కోత్తే తెలీదా? మేం వదిలేత్తే పైన వలోడు పడతాడు, ఆడు వదిలేత్తే కిందోడు పడతాడు. మరి మేవొక్కళ్ళం వదలాలంటే ఎలాగండీ? బాబుగారికి ఆట. మాకు బియ్యం."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి. వెనక్కి వస్తుంటే ఆవిడ మళ్ళీ తనే అంది, "డబ్బులిచ్చారనుకోండి... అయినా అంత చేపని ఒడ్డుకి తెత్తే ఊళ్ళో నలుగురూ చూద్దురు కదండీ." ఆ మాట నిజం. డబ్బుకి డబ్బు వచ్చింది గానీ ఆ పూట ఆవిడకి దక్కాల్సిన గొప్ప దక్కలేదు.

ఈ పట్టి వదిలే ఆట మీద నాకు పూర్తిగా మంచి అభిప్రాయం ఉందని అనుకోకండి. గాలం గుచ్చుకుంటే నొప్పి ఉండదా? వదిలిన వాటిల్లో కొన్ని తర్వాత చచ్చిపోతాయి కూడా, ముఖ్యంగా గాలం మింగేసినవీ, ఫొటోల కోసం ఎండలో పడుకోబెట్టినవీ, లోతు సముద్రంలోంచి ఒక్కసారిగా పైకి లాగినవీ. స్విట్జర్లాండులో అయితే 2009 నుంచి, వదిలేద్దామని ముందే అనుకుని చేపని పట్టడమే చట్టానికి విరుద్ధం. తినడానికి పట్టు, లేకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యి అంటారు వాళ్ళు. అమెరికాలో ఫ్లోరిడా వాళ్ళు దానికి తిరగేసి, టార్పన్ అనే పెద్ద చేపని 2013 నుంచి పట్టినవాళ్ళు వదిలిపెట్టి తీరాలన్నారు. ఎవరి న్యాయం వాళ్ళది.

అసలు ఇదంతా పెద్ద సముద్రాల ఆట. నడి సముద్రంలోకి పడవేసుకుపోయి మనిషంత చేపలతో కుస్తీ పట్టడం. వాటి కొలతలకీ రికార్డులకీ 1939లోనే అమెరికాలో ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో ఇందుకు అండమాన్లు పేరుపడ్డాయి. మన పారల జాతిలో రాక్షసి లాంటి జెయింట్ ట్రెవల్లీ కోసం విదేశాల నుంచి కూడా వచ్చి, పట్టి, వదిలేసి పోతారు. ఇక్కడ విశాఖ, ఉప్పాడ వైపు కొమ్ముకోనాం ఉంది, కత్తిలాంటి మూతితో. దొరల పుస్తకాల్లో మార్లిన్ అని గొప్పగా రాసేది దాన్నే. మన బెస్తలకి అది ఆట కాదు. 2022 ఫిబ్రవరిలో విశాఖ తీరంలో వలలో పడ్డ కొమ్ముకోనాం పొడిచి ఒక మత్స్యకారుడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. ఈ సంగతి చెబితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

అయితే ఆ ఆటగాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గ లెక్క ఒకటుంది. క్వీన్స్‌లాండ్ అనే ఆస్ట్రేలియా రాష్ట్రంలో బర్రమండి 58 సెంటీమీటర్లకి తక్కువుంటే వదిలెయ్యాలి, పిల్ల కాబట్టి. బాగుంది, అది ఎవరైనా చెబుతారు. కానీ 120 సెంటీమీటర్లకి మించి ఉన్నా వదిలెయ్యాలి, పెద్ద తల్లి కాబట్టి! తూర్పు తీరంలో నవంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి మొదటి తేదీ దాకా అసలు పట్టనే కూడదు, అక్కడ గుడ్లు పెట్టే కాలం అది. మన తూర్పు తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. అది సముద్రానికి. ఉప్పుటేటి మొగలో వానాకాలం పండుగప్ప గుంపు కట్టే రోజుల్లో పడే వలకి ఆ 61 రోజులూ అడ్డం రావు.

"ఇదంతా మాకెందుకమ్మా, మేం గాలం వేస్తామా?" అంటారేమో. గాలం వెయ్యం గానీ సంచి పట్టుకెళతాం కదా! ఏ సైజు చేపకి ధర పలకాలో తేల్చేది బజారులో మనమే. పెళ్ళిళ్ళకీ, అల్లుళ్ళ రాకకీ "పెద్దది తెండి, పెద్దది" అని పురమాయించేదీ మన ఇళ్ళల్లోంచే. పెద్ద చేప కండ కాస్త మోటుగా కూడా ఉంటుంది, చెయ్యి తిరిగినవాళ్ళని ఎవర్నైనా అడగండి. కిలోంబావు నుంచి రెండు కిలోల లోపు పండుగప్ప పులుసుకి గానీ ఇగురుకి గానీ సరిగ్గా ఉంటుంది.

పైగా ఇప్పుడు చెరువు పండుగప్ప దొరుకుతోంది. 1997లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ వాళ్ళు, సీబా అంటారు, పండుగప్పకి హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయగలిగారు. అంతకు ముందు చెరువులో వెయ్యాలంటే ఏట్లోంచి పిల్లల్ని పట్టుకురావడమే. ఇప్పుడు మన కృష్ణా, పశ్చిమ గోదావరి రైతులు కూడా పెంచుతున్నారు. చెరువులో చిల్లర చేపలు వేసి మేపుతారు, ఒక్కో సైజువి ఒక్కోచోట ఉంచకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, అంత ఆబ! రుచిలో ఏటి చేపకి ఒక మెట్టు తక్కువేనని మా అత్తయ్యగారు ఇప్పటికీ వాదిస్తారు. నాకైతే పులుసులో పడ్డాక తేడా తెలియలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే మనసొప్పదు. పైనుంచి వచ్చే మంచినీళ్ళు తగ్గి, ఎండాకాలం ఉప్పునీరు ఉప్పుటేరు గుండా కొల్లేటికి ఎగదన్నుతోందని ఊళ్ళవాళ్ళు మొత్తుకుంటున్నారు. చేలు చవుడు బారుతున్నాయి, తాగే నీళ్ళు ఉప్పగిల్లుతున్నాయి. బిందెడు మంచినీళ్ళ కోసం ఎంత దూరం నడవాలో లంక గ్రామాల ఆడవాళ్ళని అడగాలి. అందుకని ఉప్పుటేటికి అడ్డంగా తలుపులు, అదే రెగ్యులేటర్లు, కట్టాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. కట్టాల్సిందే, నేనూ అదే అంటాను. కానీ తలుపు మూస్తే ఆ దారిన పోయే పండుగప్ప ఎటు పోవాలి? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పులస అక్కడికొచ్చి ఆగిపోతోంది. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో వచ్చాక ఎగువ ఊళ్ళకి ఇలస దాదాపు కరువైపోయింది. కట్టేవాళ్ళు తలుపుల్లో చేపకి ఒక దారి పెట్టి, వానాకాలం ఏ వారాల్లో తెరవాలో మన పడవావిడ లాంటి వాళ్ళని అడిగి రాసుకుంటే చాలు. ఆవిడకి తెలుసు, నేను చూశాను. ఇంజనీర్లు పడవెక్కి అడుగుతారా అన్నదే నా అనుమానం.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఏలూరు నుంచి ఆటపాక, కొల్లేటికోట చూసుకుని సాయంత్రానికి ఆకివీడు చేరండి. రాత్రికి భీమవరంలో బస చేస్తే మర్నాడు మొగల్తూరు మీదుగా పేరుపాలెం బీచికి వెళ్ళొచ్చు. మీరు పడవ ఎక్కితే పిల్లలకి తేలే జాకెట్లు ఉన్నాయో లేదో అడిగి మరీ ఎక్కండి, మొహమాటపడొద్దు. టోపీ, మంచినీళ్ళు, ఒక పాత తువ్వాలు పెట్టుకోండి. గూడెం మీదుగా తిరిగొస్తే ఎలాగూ ఉల్లిపాయలు కొంటారు కాబట్టి పులుసు సంగతి కూడా చెప్పేస్తాను.

కిలో పండుగప్ప ముక్కలకి పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టుకోండి. ముక్కల్ని కల్లుప్పు, పసుపు వేసి రెండుసార్లు కడిగి, ఉప్పూ కారం పట్టించి పక్కన పెట్టండి. నాలుగు ఉల్లిపాయల్ని కచ్చాపచ్చాగా నూరి వెడల్పాటి గిన్నెలో నూనె కాస్త ధారాళంగా పోసి ఎర్రగా వేయించండి. నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు ఆరు, కరివేపాకు, ధనియాలు జీలకర్ర వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద రెండు చెంచాలు వేసి పచ్చివాసన పోయాక పులుసు పొయ్యండి. మరిగి నూనె పైకి తేలుతున్నప్పుడే ముక్కలు జారవిడవాలి, ముందు కాదు. ఇక గరిటె పెట్టకండి! గిన్నెని గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని మెల్లగా తిప్పండి, ముక్క విరగదు. పావుగంట సన్నసెగ, ఆఖర్న చిటికెడు వేయించిన మెంతుల పొడి, కొత్తిమీర. మామిడికాయల రోజులైతే చింతపండు సగం తగ్గించి నాలుగు పుల్లటి ముక్కలు వెయ్యండి. రాత్రి వండి మూత పెట్టి ఉంచి మర్నాడు పొద్దున వేడన్నంలో తింటే, ముక్కకి పులుసు బాగా పట్టి మరీ బాగుంటుంది.